మెషిన్ కొంటే సూదులు అటకెక్కించొచ్చా?

"నిట్టింగ్ కొత్తగా మొదలుపెడుతున్నాను. నేరుగా మెషిన్ కొనుక్కుంటే చేత్తో అల్లడం నేర్చుకోకపోయినా పరవాలేదా? తెల్ల ఊలు తెచ్చుకుని రంగులు ఇంట్లోనే వేసుకోవచ్చా?" అని అడిగారు.

చేత్తో అల్లడం నేర్చుకోవాల్సిందే. రంగులు మాత్రం నిక్షేపంగా వేసుకోవచ్చు. ఇక్కడితో ఆపేస్తే మీకూ నాకూ టైం కలిసొస్తుంది. కానీ ఈ రెండూ కలిపి ఒకేసారి అడిగేసరికి మా అక్క ఊదా రంగు కార్డిగన్ గుర్తొచ్చింది. అది చెప్పకుండా వదల్లేను.

ముందు నా సంగతి. సూదులు పట్టుకుని పదకొండేళ్లయింది. మెషిన్ ఆ తర్వాత వచ్చింది, రంగుల పిచ్చి అన్నిటికంటే ఆఖరున పట్టింది. "మగవాడివి, నీకిదేం పనిరా" అనేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ఒకప్పుడు యూరప్‌లో అల్లిక సంఘాలు మగవాళ్లవే అంటే నమ్మరు. ఏళ్ల తరబడి శిష్యరికం చేసి, పరీక్షకి పనితనం చూపించి, అప్పుడు పనివాడు అనిపించుకునేవాళ్లు. అల్లే యంత్రం కనిపెట్టిన విలియం లీ కూడా మగవాడే. 1589లో ఇంగ్లండ్‌లో మేజోళ్లు అల్లే ఫ్రేమ్ తయారుచేశాడు. చేత్తో అల్లుకుని బతికేవాళ్ల పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి పేటెంట్ ఇవ్వనందని చెప్పుకుంటారు. "మెషిన్ మీద అల్లితే అది అల్లికా?" అని ముక్కు విరిచేవాళ్ల వంశం అప్పటినుంచీ ఉందన్నమాట. ఒక్క వరుస మెషిన్ మీద అల్లి చూపించమనండి, వాళ్లతో తర్వాత మాట్లాడదాం.

సరే, కార్డిగన్.

అక్కకి ఊదా రంగు కావాలి. లేత ఊదా కాదు, ముదురు, నేరేడుపండు రంగు. నా దగ్గర సన్నటి తెల్ల ఊలు ఉంది. 100 గ్రాముల చిలపలు, అంటే దారపు కట్టలు, ఐదు, మొత్తం 500 గ్రాములు. రంగు లెక్క తేలికే: ముదురు రావాలంటే ఊలు బరువులో 2 శాతం పొడి, అంటే 10 గ్రాములు. చిక్కల్లా గిన్నె దగ్గర వచ్చింది. నా రంగుల గిన్నెలో మూడు చిలపలకి మించి పట్టవు. (ఆ గిన్నె రంగులకే. మళ్లీ వంటకి వాడకూడదు. గరిటె కూడా అంతే. పొడి తూచేటప్పుడు మూతికి మాస్కు కట్టుకోండి, గాల్లో తేలిపోతుంది. ఇందులో బేరాల్లేవు.) కాబట్టి మొదటి వాయిలో మూడు చిలపలు, రెండో వాయిలో రెండు అనుకున్నాను. పొడి 6 గ్రాములు, 4 గ్రాములుగా తూచి విడివిడిగా వేడినీళ్లలో కరిగించిపెట్టుకున్నాను. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను.

మొదటి వాయి పుస్తకంలో రాసినట్టు నడిచింది. చిలపల్ని అరగంట నానబెట్టాను. చల్లటి నీళ్లలో రంగు కలిపి, ఊలు దించి, సన్నమంట మీద పెట్టాను. కుతకుతలాడనివ్వలేదు. ఆవిరి లేస్తూ, అంచుల్లో చిన్నచిన్న బుడగలు కనిపిస్తుంటే చాలు, అది 85, 90 డిగ్రీల మధ్య ఉన్నట్టు. రంగు ఊలంతా సమంగా పాకిందని నమ్మకం కుదిరాక వెనిగర్ రెండు విడతలుగా పోశాను. ఇంకో ముప్పావు గంటకి నీళ్లు చూస్తే, అడుగున చెంచా వేస్తే కనిపించేంత తేటగా ఉన్నాయి. రంగంతా ఊలు తాగేసింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది గారడీలాగే ఉంటుంది. ఇంకో తమాషా, చిలపలు చిక్కుపడకుండా నాలుగుచోట్ల వదులుగా కట్టిన నూలుదారాలు మాత్రం అదే గిన్నెలో అంతసేపు ఉడికి దాదాపు తెల్లగానే బయటికొచ్చాయి. ఊలుకీ పట్టుకీ వేసే ఈ యాసిడ్ రంగులకి నూలంటే గిట్టదు. నూలుకి వేరే రకం, రియాక్టివ్ రంగులు కావాలి. వాటికి వెనిగర్ పనికిరాదు, చాకలిసోడా కావాలి, మంట అక్కర్లేదు. ఇది తెలియక నూలుదారాన్ని వెనిగర్‌లో ఉడకబెట్టి "రంగు ప్యాకెట్ నకిలీది" అని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను.

మూడు చిలపలు నిగనిగలాడుతూ వచ్చాయి. నాకు గర్వం తలకెక్కింది. రెండో వాయికి మళ్లీ చల్లటి నీళ్లతో మొదలుపెట్టడమెందుకు, ఇన్ని వేడినీళ్లు పారబోయడమెందుకు అనిపించింది. అదే నీళ్లలో, పొయ్యి దించకుండా, మిగిలిన రంగంతా ఒక్కసారే గుమ్మరించి రెండు చిలపలూ పడేశాను. ఆ నీళ్లు దాదాపు మరిగే వేడిలో ఉన్నాయి. పైగా మొదటి వాయి వెనిగర్ అందులోనే ఉంది. ఇవేవీ ఆలోచించలేదు.

ఊదా రంగు పొడి చాలాసార్లు ఒక్క రంగు కాదండీ. అందులో ఎరుపో గులాబీయో ఒకటి, నీలం ఒకటి కలిసి ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో వేగంతో ఊలుని పట్టుకుంటుంది. చల్లటి నీళ్లలో మొదలుపెట్టి నెమ్మదిగా వేడిచేస్తే రెండూ సర్దుకుని కలిసి ఎక్కుతాయి. వేడీ పులుపూ ముందే సిద్ధంగా ఉంటే, తొందరగా పట్టేది ఎక్కడ తగిలితే అక్కడే అతుక్కుపోతుంది, మిగిలింది ఖాళీ దొరికిన చోటికి పోతుంది. నా చిలపల్లో అదే జరిగింది. జానెడు గులాబీ, దాని పక్కన మబ్బు పట్టినట్టు నీలం, అక్కడక్కడా బెత్తెడు అసలైన ఊదా, మడత లోపల ఇంచుమించు తెలుపు. బయటికి తీసి పట్టుకుంటే నీళ్లు కారుతూ, దెబ్బతగిలి కమిలిన చర్మంలా ఉంది.

ఊదాకీ కంగారుకీ పాత సంబంధమే ఉంది. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోతే నల్లటి మడ్డి వచ్చింది. దాన్ని కడగబోతే ఊదా రంగు దిగింది. కృత్రిమ రంగుల వ్యాపారమంతా ఆ మడ్డిలోంచే పుట్టింది. ఆయనకి ఒకటి చేయబోతే ఊదా వచ్చింది. నాకు ఊదా చేయబోతే ఇంకేదో వచ్చింది.

ఇక్కడ ఎవరో ఒకరు "సహజమైన రంగులు వాడి ఉంటే ఈ గొడవ లేదు కదా" అంటారు, నాకు తెలుసు. వాడాను. పసుపుతో వేసిన మెడపట్టీ కిటికీ దగ్గర పెడితే కొన్నాళ్లకే వెలిసిపోయింది. పసుపు ఎండకి నిలవదు, పటిక వేసినా అంతే. మంజిష్ఠ ఎరుపు అద్భుతంగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మంట కాస్త ఎక్కువైతే ఇటుక రంగులోకి, గోధుమలోకి దిగిపోతుంది. నీలిమందు ఒక్కటే నన్ను ఓడించింది. తొట్టిలోంచి తీసినప్పుడు పచ్చగా ఉండి గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమైపోతుంటే నోరు మూసుకుని చూడాల్సిందే. అంతేగానీ సహజం అన్న ఒక్క మాట చాటున అన్నీ మంచివే అనుకోకండి. రంగు నిలవడానికి ఒకప్పుడు వాడిన క్రోమ్ ఉప్పు పచ్చి విషం.

మళ్లీ అక్క దగ్గరికొస్తాను. ఊలు చూసి ఒక్క మాటా అనలేదు. "రెండు కార్డిగన్లు చేస్తున్నావా?" అంది, అంతే.

మూడు చిలపలు ఒకలా, రెండు ఒకలా ఉన్నప్పుడు దారి ఒకటే. రెండు వరుసలు ఒక దారంతో, రెండు వరుసలు ఇంకో దారంతో మార్చి మార్చి అల్లాలి. దూరంనుంచి చూస్తే కలిసిపోతాయి. ఇంట్లో రంగేసిన ఏ ఊలుకైనా ఇలాగే చేయమంటాను, చూడటానికి ఒకేలా ఉన్నా సరే. చిలపల్లో కనపడని తేడా స్వెట్టర్‌లో చారలా బయటపడుతుంది. మెషిన్ మీద ఇది సుళువు కూడా, ఎందుకంటే రెండు వరుసలకోసారి క్యారేజ్, అంటే సూదుల మీదుగా అటూ ఇటూ తోసే భాగం, బయల్దేరిన వైపుకే తిరిగొస్తుంది. ఈ దారం తీసి ఆ దారం పెట్టడమే.

నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలిచాను. ఇక్కడ మాత్రం ఒకటి గట్టిగా చెప్తాను, నా మీద ఒట్టు. ఉతకని నమూనాని కొలిచి లెక్కలు వేయకండి. మెషిన్ మీద గుడ్డకి బరువులు వేలాడుతుంటాయి కాబట్టి అది నిలువునా సాగి ఉంటుంది. నాది దించిన వెంటనే 10 సెంటీమీటర్లకి 36 వరుసలు చూపించింది. ఉతికి ఆరేశాక 42. మొదటి లెక్కతో 60 సెంటీమీటర్లకని 216 వరుసలు అల్లి ఉంటే ఉతికాక 51కి కాస్త ఎక్కువ మిగిలేది. నడుం దాకా రావాల్సింది బొడ్డు పైన ఆగేది. నా మొట్టమొదటి మెషిన్ స్వెట్టర్‌కి ఇదే జరిగింది, దాన్ని తొడుక్కోగలిగినవాళ్లు ఇంకా పుట్టలేదు.

అడ్డంగా 10 సెంటీమీటర్లకి 30 కుట్లు వచ్చాయి. వీపు భాగం 52 సెంటీమీటర్లు కావాలి, 156 కుట్లు. మామూలు మెషిన్‌కి 200 సూదులుంటాయి, నాలుగున్నర మిల్లీమీటర్లకొకటి చొప్పున. కాబట్టి హాయిగా సరిపోయింది. రెండు వరుసలు నేరేడు, రెండు వరుసలు కమిలిన రంగు. జర్రుమని అటు, జర్రుమని ఇటు. అక్క పక్కన కూర్చుని చూస్తోంది. 118 వరుసలయ్యాయి. నేరేడు దారం తీశాను. అదే సమయానికి అక్క, "గుండీలు ఇవి పెడదామా, అవి పెడదామా?" అని రెండు అరచేతులూ చాపింది. చూశాను. "ఎడంచేతివి" అన్నాను. అని, క్యారేజ్ తోశాను.

ఎప్పుడూ కాస్త బరువుగా కదిలే క్యారేజ్ ఆసారి గాల్లో తోసినట్టు వెళ్లింది. చెయ్యి మధ్యలోకి రాకముందే తెలిసిపోయింది. తెలిసినా చెయ్యి ఆగలేదు. దారం పెట్టడం మర్చిపోయాను.

మెషిన్ సూదికి కొక్కెం, దాని మీద చిన్న నాలుక ఉంటాయి. సూది ముందుకొచ్చినప్పుడు పాత కుట్టు ఆ నాలుక వెనక్కి జారుతుంది. కొక్కెంలో కొత్త దారం పడుతుంది. సూది వెనక్కి వెళ్తుంటే పాత కుట్టు నాలుకని మూసి, దాని మీదుగా దాటిపోతుంది. అలా కొత్త కుట్టు పుడుతుంది. కొత్త దారం లేకపోతే? పాత కుట్టు దాటి కిందికి పోతుంది, దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. నూట యాభై ఆరు కుట్లూ ఒక చివరనుంచి ఇంకో చివరకి వరసగా ఊడి, గుడ్డ బరువులతో సహా ధబ్బుమని నేలమీద పడింది.

అక్క కాసేపు దాన్నీ నన్నూ చూసి, "ఏరా, అది కింద పడాల్సిందేనా?" అంది.

మీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఆ పడిపోయిన గుడ్డని మెషిన్ లేపదు. ముందు బరువులు తీశాను, లాగకుండా, గుడ్డని బల్ల మీద పరిచి. తర్వాత రెండున్నర మిల్లీమీటర్ల వృత్తపు సూది, అంటే రెండు సూదుల మధ్య తీగ ఉంటుందే, అది తీసుకున్నాను. అల్లడానికి కావలసినదానికంటే సన్నంగా ఉంటే కుట్లలోకి సులువుగా దూరుతుంది. ఒక్కో కుట్టు ఎత్తుకుంటూ పోయాను. కుట్టుకి ఏ కాలు (ఉచ్చుకి రెండు పక్కలూ దాని కాళ్లు) ముందు, ఏ కాలు వెనక, ఏది మెలికపడింది, ఏది కిందికి జారిపోయి నిచ్చెనలా ఖాళీ మెట్లు వదిలింది, ఇదంతా కంటికి తెలియాలి. ఆ కన్ను చేత్తో అల్లితేనే వస్తుంది. తొమ్మిది కుట్లు మూడు నాలుగు వరుసలు జారాయి. వాటిని క్రోషే సూదితో మెట్టు మెట్టుకీ లాగి పైకి తెచ్చాను. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. తర్వాత మళ్లీ ఒక్కొక్కటీ మెషిన్ సూదులకి ఎక్కించాను.

అది మామూలు ఊలు కాబట్టి బతికిపోయాను. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకోవడంతో కుట్లు వెంటనే జారిపోవు. వాషింగ్ మెషిన్‌లో ఉతికినా బిగుసుకోకుండా ఆ పొలుసుల్ని అణిచేసిన ఊలు అయితే ఇంకా చాలా జారేది. ఆ పొలుసులతోనే వేరే ప్రమాదం కూడా ఉంది లెండి. వేడినీళ్లలోంచి తీసి చల్లటి కుళాయి కింద పెట్టి నలిపారా, అట్టముక్క తయారు. రంగేసిన ఊలుని గిన్నెలోనే చల్లారనివ్వండి. నా మొదటి చిలప ఇప్పుడు చీపురుకట్టలా ఉంది, పారేయలేదు.

కొంటే ఏ మెషిన్ కొనాలి, ఏ సూదులు కొనాలి అంటారా. సూదులు మిల్లీమీటర్లు చూసి కొనండి. నంబర్లు నమ్మితే మునుగుతారు. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. అంతటితో అయిపోలేదు. బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావవుతుంది. ఎవరు కూర్చుని ఆలోచించారో గాని తీరిక బాగా ఉన్నవాళ్లే. ఊలు మీద "4 ప్లై" అని రాసి ఉంటే అందులో నాలుగు పోగులుంటాయనీ అనుకోకండి. అది ఇప్పుడు లావుకి పెట్టిన పేరు, పోగులు లెక్కపెడితే రెండో మూడో తేలొచ్చు.

మెషిన్ పాతది దొరికితే తీసుకోండి, నాదీ పాతదే. కొన్ని రకాల్లో సూదుల మీద ఒక పొడుగాటి పట్టీ ఉంటుంది, లోపల స్పాంజ్. ఏళ్లు గడిస్తే ఆ స్పాంజ్ అణిగి జిగురైపోతుంది, సూదులు పైకి లేస్తాయి, కుట్లు తప్పుతాయి, క్యారేజ్ ఇరుక్కుంటుంది. అమ్మినవాళ్లని తిట్టేముందు అది మార్చండి. లావు ఊలు ఎక్కించి మెషిన్‌ని హింసపెట్టకండి. లావు ఊలుకి సూదికీ సూదికీ మధ్య 9 మిల్లీమీటర్ల దూరమున్న మెషిన్లు వేరే ఉన్నాయి. ముందుగా మాత్రం ఒక జత 4 మిల్లీమీటర్ల సూదులు, లేత రంగు ఊలు తెచ్చుకుని ఒక నెల చేత్తో అల్లండి. నల్ల ఊలుతో మొదలుపెట్టకండి, కుట్లు కనపడక ఏడుస్తారు.

కార్డిగన్ పూర్తయింది. నేరేడు ఊలు ఎక్కువ ఉంది కాబట్టి చేతుల అంచులూ, గుండీల పట్టీ దానితోనే చేశాను. ఒంటి భాగమంతా రెండు దారాలూ కలిసి, ఊదాలో గులాబీ, నీలం చినుకులు పడ్డట్టు వచ్చింది. అక్క దాన్ని వేసుకుని వెళ్లిన ప్రతిచోటా ఆ రంగు ఎక్కడిదని అడుగుతున్నారట. "మా తమ్ముడు ప్రత్యేకంగా అలా వేశాడు" అని చెప్తోంది. నేను కాదనలేదు.

ఇప్పుడు మేనకోడలు అచ్చం అలాంటిదే కావాలంటోంది. ఆ ప్యాకెట్ అయిపోయింది. కొత్తది తెచ్చి, వేడినీళ్లలో, ముందే వెనిగర్ పోసి, రంగంతా ఒక్కసారే గుమ్మరించాను. ముదురు మచ్చలు, లేత మచ్చలు వచ్చాయి గాని గులాబీ విడిపడలేదు. ఈ ప్యాకెట్‌లో కలిపిన రంగులు వేరేలా ఉన్నాయి. ఇంకో రెండు ప్యాకెట్లు మార్చి చూశాను. ఎంత నిర్లక్ష్యంగా వేసినా అన్నీ ఊదాగానే వస్తున్నాయి.